నిర్బంధ రచనా తరగతి: కళాశాల విద్యార్థి మనోభావాల్లో పరిణామం

1. ప్రవేశిక:

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇంజనీరింగ్ చదవదలచిన విద్యార్థి అయినా, సంగీతం చదవదలచిన విద్యార్థి అయినా మొదటి సంవత్సరంలో దాదాపుగా తప్పించుకోలేని తరగతి ఒకటుంది. దానిని ‘ఫ్రెష్‌మన్ కాంపోజిషన్’ అని పిలుస్తూ వచ్చారు. ఇటీవల ‘ఫస్ట్ ఇయర్ రైటింగ్’ అనే పేరు స్థిరపడుతోంది. ఇచ్చిన పాఠాలు చదవడం, వాటిపై చిత్తుప్రతి రాయడం, ఉపాధ్యాయుని వ్యాఖ్యలూ తోటి విద్యార్థుల వ్యాఖ్యలూ తీసుకొని తిరగరాయడం ఇందులో ప్రధానమైన పని. విద్యార్థి కోరి ఎంచుకున్న తరగతి కాదు కనుక ప్రవేశించేటప్పుడు అయిష్టం ఉండడం సహజం. ఆ అయిష్టం అలాగే నిలుస్తుందా, మారుతుందా, మారితే దేనివల్ల మారుతుంది అన్నది రచనాబోధన పరిశోధకులు అయిదు దశాబ్దాలుగా పరిశీలిస్తున్న అంశం.

పైకి చూస్తే సమాధానం తేలిక అనిపిస్తుంది. రాయడం వస్తే ఇష్టం కలుగుతుంది, రాకపోతే విసుగు కలుగుతుంది అనుకోవచ్చు. మంచి మార్కు వస్తే మనసు మారుతుందని కూడా అనుకోవచ్చు. పరిశోధనలు మాత్రం మరో దారి చూపుతున్నాయి. తాను రాస్తున్నది తనకు దేనికి పనికివస్తుంది, దానిని ఎవరు ఏ దృష్టితో చదువుతున్నారు అనే రెండు విషయాలు విద్యార్థి మనోభావాన్ని మార్కుకంటే బలంగా ప్రభావితం చేస్తున్నట్టు కనిపిస్తుంది.

2. దోషారోపణతో పుట్టిన తరగతి:

ఈ తరగతి పుట్టుకలోనే విద్యార్థి పట్ల ఒక అపనమ్మకం ఉంది. 19వ శతాబ్ది చివరి పాదంలో హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ విలియం ఎలియట్ ఐచ్ఛిక పాఠ్యాంశాలను విస్తరిస్తూ నిర్బంధ పాఠ్యాంశాలను తగ్గిస్తూ వచ్చాడు. అదే కాలంలో, 1874లో, ప్రవేశ పరీక్షలో ఆంగ్ల వ్యాసం రాయడం తప్పనిసరి అయింది. నిర్దేశించిన సాహిత్య గ్రంథాలపై రాయవలసిన ఆ చిన్న వ్యాసాల్లో వర్ణక్రమం, విరామచిహ్నాలు, వాక్యనిర్మాణం దోషభూయిష్ఠంగా ఉన్నాయని పరీక్షకులు గగ్గోలు పెట్టారు. ఆడమ్స్ షెర్మన్ హిల్ కృషి ఫలితంగా 1885లో ‘ఇంగ్లీష్ ఎ’ మొదటి సంవత్సరం విద్యార్థులకు నిర్బంధమైంది. తక్కినవన్నీ ఐచ్ఛికాలవుతున్న విద్యాలయంలో రచన ఒక్కటే నిర్బంధంగా మిగిలే స్థితి ఆ శతాబ్ది ముగిసేలోగానే ఏర్పడింది. ఇతర విద్యాసంస్థలు ఈ నమూనాను అనుసరించాయి.

దీనిలోని అంతరార్థాన్ని విద్యార్థి గ్రహించకుండా ఉండడు. రసాయనశాస్త్ర తరగతికి వెళ్లేవాడు తెలియనిది నేర్చుకోవడానికి వెళ్తాడు. రచనా తరగతికి వెళ్లేవాడు తనలోని లోపం దిద్దించుకోవడానికి పంపబడతాడు. మొదటివానిది విద్యార్థి స్థానం, రెండవవానిది దాదాపు ముద్దాయి స్థానం. అయిష్టానికి మూలం కొంతవరకైనా ఇక్కడ ఉంది.

‘ఈ తరం పిల్లలకు రాయడం రాదు’ అనే ఆరోపణ నాటినుంచి నేటిదాకా ప్రతి తరం మీదా వస్తూనే ఉంది. రాబర్ట్ కానర్స్, ఆండ్రియా లన్స్‌ఫర్డ్ 1988లో ప్రచురించిన అధ్యయనం దీనిని గణాంకాలతో పరీక్షించింది. 3,000 విద్యార్థి వ్యాసాల్లోని దోషాలను లెక్కించి, 1917, 1930 నాటి అధ్యయనాలతో పోల్చగా, ప్రతి వంద పదాలకు దోషాల సంఖ్య రెండుకు కాస్త పైన ఇంచుమించు ఒకేలా ఉన్నట్టు తేలింది. 2008లో వెలువడిన తదుపరి అధ్యయనంలోనూ ఈ నిష్పత్తిలో పెద్ద మార్పు లేదు. మారినది వ్యాసం నిడివి. 1917లో సగటున 162 పదాలున్న విద్యార్థి వ్యాసం ఈ చివరి అధ్యయనం నాటికి 1,038 పదాలకు పెరిగింది. విద్యార్థులు ఎక్కువ రాస్తున్నారు, కఠినమైన విషయాలపై రాస్తున్నారు, తప్పులు మాత్రం పాతకాలం వారు చేసినన్నే చేస్తున్నారు. ఆరోపణ చేసేవారు ఈ లెక్కను పట్టించుకున్న దాఖలాలు తక్కువ.

3. రచనాభీతి:

1975లో జాన్ డేలీ, మైకేల్ మిల్లర్ రచన పట్ల భయాన్ని కొలవడానికి 26 వాక్యాల ప్రశ్నావళిని రూపొందించారు. రాసినది ఇతరులు మూల్యాంకనం చేస్తారన్న తలపే కొందరిని రచనకు దూరం చేస్తుందన్నది దీనికి ఆధారమైన భావన. దీనిని ‘రచనాభీతి’ అనవచ్చు. ఇది సోమరితనం కాదు, అజ్ఞానం కూడా కాదు. విషయం తెలిసి, నోటితో చక్కగా చెప్పగలిగినవారు సైతం కాగితం ముందు బిగుసుకుపోవడం ఉపాధ్యాయులందరికీ అనుభవమే.

ఈ భయం రాతలో ఎలా కనబడుతుందో మీనా షాగ్నెసీ చూపారు. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1970లో తన ద్వారాలను నగరంలోని ఉన్నత పాఠశాలల ఉత్తీర్ణులందరికీ తెరిచింది. అంతకుముందు కళాశాల ముఖం చూసే అవకాశం లేని పేద, నల్లజాతి, వలస కుటుంబాల పిల్లలు వేలాదిగా చేరారు. సిటీ కాలేజీలో వారికి రచన నేర్పే బాధ్యత వహించిన షాగ్నెసీ సుమారు 4,000 వ్యాసాలను పరిశీలించి 1977లో ‘ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్’ అనే గ్రంథం వెలువరించారు. తప్పుల వెనుక తర్కం ఉంటుందన్నది ఆమె ప్రధాన ప్రతిపాదన. విద్యార్థి తనకు తెలిసిన సూత్రాన్ని తెలియని చోట వర్తింపజేయడం వల్ల చాలా దోషాలు పుడతాయి. అవి నిర్లక్ష్యానికి గుర్తులు కావు. అడుగడుగునా తప్పు పడతారన్న భయం ఉన్నవాడు తెలిసిన చిన్న మాటలనే ఆశ్రయిస్తాడు, చెప్పదలచిన సంక్లిష్ట భావాన్ని వదిలేస్తాడు. అప్పుడు చదివేవారికి వాక్యమే కాక బుద్ధి కూడా చిన్నదిగా కనిపిస్తుంది. ఎర్రసిరా చేసే అసలు హాని ఇదే.

4. ఒక విద్యార్థి, మూడు తరగతులు:

విద్యార్థి మనోభావాలను దగ్గరగా చూసిన అధ్యయనాల్లో లూసిల్ మెకార్తీ 1987లో ప్రచురించినది విశిష్టమైనది. ఆమె ‘డేవ్’ అని పేర్కొన్న ఒకే ఒక్క విద్యార్థిని 21 నెలలపాటు వెన్నంటి పరిశీలించారు. మొదటి సంవత్సరపు రచనా తరగతి, రెండవ సంవత్సరంలో కవిత్వ పరిచయ తరగతి, ఆపై కణజీవశాస్త్ర తరగతి ఆమె ఎంచుకున్నవి. తరగతుల్లో కూర్చున్నారు, డేవ్‌తోనూ ఉపాధ్యాయులతోనూ మాట్లాడారు, రాస్తున్నప్పుడు అతని మనసులో మెదిలే ఆలోచనలను పైకి చెప్పించి నమోదు చేశారు.

ఇందులో ఆసక్తికరమైన వైరుధ్యం ఒకటి బయటపడింది. బయటినుంచి చూసిన పరిశోధకురాలికి మూడు తరగతుల్లోని రచనా పనులు మౌలికంగా ఒకే రకమైనవిగా కనిపించాయి. అన్నింటిలోనూ చదివినదానిని సంగ్రహించాలి, విశ్లేషించాలి, పరీక్షకుడైన ఉపాధ్యాయునికి సమర్పించాలి. డేవ్‌కు మాత్రం ప్రతిదీ ఇదివరకెన్నడూ చేయని కొత్త పనిగానే తోచింది. రచనా తరగతిలో నేర్చుకున్నది కవిత్వ తరగతిలో పనికివస్తుందన్న స్ఫురణే అతనికి కలగలేదు. భాష తెలియని దేశాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా అడుగుపెట్టే పరదేశితో మెకార్తీ అతనిని పోల్చారు.

ఇష్టాయిష్టాల విషయంలో డేవ్ ఇచ్చిన కారణాలు గమనించదగినవి. నిర్బంధ రచనా తరగతి అతనికి అర్థవంతంగానే తోచింది. అక్కడ అలవడే నైపుణ్యం ముందు చదువుల్లో, ఉద్యోగంలో పనికివస్తుందని భావించాడు. శాస్త్రవ్యాసాలను సమీక్షించే జీవశాస్త్ర రచనలోనూ భావి శాస్త్రజ్ఞునికి అవసరమైన అభ్యాసం ఉందని గుర్తించాడు. కవిత్వ తరగతిలో మాత్రం రచనకు తన జీవితంలో ఎలాంటి ప్రయోజనమూ కనిపించలేదు. ఉపాధ్యాయుని మెప్పించడం తప్ప దానిలో తనకేమీ లేదనుకున్నాడు. అతనికి అత్యంత కష్టమనిపించినది కూడా అదే. నిర్బంధమన్నది అతని విషయంలో అడ్డంకి కాలేదు. ప్రయోజనం కనబడకపోవడమే అడ్డంకి అయింది. ఇది కవిత్వానికి వ్యతిరేకమైన సాక్ష్యంగా ఎవరైనా తీసుకుంటే అది తొందరపాటు. అదే కవిత్వ తరగతిలో ప్రయోజనం కనుగొన్న మరో విద్యార్థి ఉండి ఉంటే చిత్రం తలకిందులయ్యేది. ఒక్కని అధ్యయనానికి ఉండే పరిమితి అది.

5. వ్యాఖ్యలు, తిరగరాత, కొత్తవాడినన్న అంగీకారం:

రచనా తరగతిలో విద్యార్థి మనసును ఎక్కువగా కలవరపెట్టేది తిరగరాయమనడం. ఒకసారి రాసి ఇచ్చినదానిని మళ్లీ రాయమంటే అది శిక్షగా తోస్తుంది. నాన్సీ సోమర్స్ 1980లో ప్రచురించిన పరిశోధనలో 20 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను, 20 మంది అనుభవజ్ఞులైన రచయితలను పోల్చారు. విద్యార్థుల దృష్టిలో తిరగరాయడమంటే మాటలు మార్చడం. వచ్చిన మాటే మళ్లీ వస్తే తీసివేయడం, బరువైన పర్యాయపదం పెట్టడం వంటివి. అనుభవజ్ఞులకు అది తమ వాదం ఏమిటో, దానికి తగిన రూపమేమిటో వెతుక్కునే పని. మొదటి ప్రతిలో ఆలోచన పూర్తయిందని విద్యార్థి నమ్ముతాడు. అనుభవజ్ఞుడు అక్కడినుంచే ఆలోచన మొదలవుతుందని నమ్ముతాడు.

ఈ భేదానికి విద్యార్థులనే తప్పుపట్టడం న్యాయం కాదు. 1982లో సోమర్స్ ప్రచురించిన మరో వ్యాసం ఉపాధ్యాయుల వ్యాఖ్యలను పరీక్షకు పెట్టింది. ఒకే చిత్తుప్రతిపై ఒకవైపు కామాలు సరిచేయమని, మరోవైపు ఆ పేరా మొత్తాన్నే విస్తరించి రాయమని చెప్పే పరస్పర విరుద్ధ వ్యాఖ్యలు ఆమెకు విస్తారంగా కనిపించాయి. చాలా వ్యాఖ్యలు ఏ విద్యార్థి వ్యాసం మీదనైనా అతికించగలిగినంత సాధారణంగా ఉన్నాయి. ‘స్పష్టత లేదు’ అన్న మాట ఏది ఎవరికి స్పష్టం కాలేదో చెప్పదు. అటువంటి వ్యాఖ్యను చూసిన విద్యార్థి తన వ్యాసాన్ని ఎవరూ చదవలేదని, తూచారని మాత్రమే అనుకోగలడు.

అదే పరిశోధకురాలు లారా సాల్ట్జ్‌తో కలిసి 2004లో వెలువరించిన వ్యాసం మనోభావ పరిణామాన్ని నేరుగా చర్చిస్తుంది. హార్వర్డ్‌లో 2001లో పట్టభద్రులు కావలసిన తరగతినుంచి 400 మందికి పైగా విద్యార్థులు ఆ అధ్యయనంలో పాల్గొన్నారు. ఉన్నత పాఠశాలలో మంచి రచయితలన్న పేరు పొంది వచ్చినవారిలో కొందరు పాత పద్ధతులనే పట్టుకొని వేలాడారు. అవి ఫలించక తరగతి మీదా ఉపాధ్యాయుని మీదా కినుక పెంచుకున్నారు. తాము ఇక్కడ కొత్తవాళ్లమని ఒప్పుకున్నవారు, రచనలో మార్కుకు మించిన ప్రయోజనాన్ని చూసినవారు ఎక్కువ పురోగతి సాధించారు. వారి రాత వెంటనే బాగుపడిందని కాదు. తెలియని విషయం మీద నిపుణునిలా రాయవలసి రావడం వల్ల ముందుకన్నా తడబడిన సందర్భాలూ సహజమే. కనుక మనోభావం సరళరేఖలో పైకి పోదు. మొదట గర్వం, తర్వాత అవమానం, ఆపైన ఆసక్తి అనే వరుసలో కదిలిన విద్యార్థి మధ్య మెట్టు మీదనే ఆగిపోతే ఆ తరగతి అతని జ్ఞాపకంలో అవమానంగానే మిగిలిపోతుంది.

6. తెలుగు సందర్భం:

నిర్బంధ రచన విద్యార్థి నోటికీ చేతికీ మధ్య అడ్డుగోడ కడుతుందా అన్న ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. 20వ శతాబ్ది రెండవ దశకంలో మద్రాసు విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుగు వ్యాసం ఏ భాషలో రాయాలన్న వివాదమే గ్రాంథిక, వ్యావహారిక వాదాలకు ప్రధాన రణరంగమైంది. తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదికతో విభేదిస్తూ గురజాడ అప్పారావు 1914లో సమర్పించిన ‘మినిట్ ఆఫ్ డిసెంట్’ ఆ చర్చలోనిదే. గిడుగు రామమూర్తి వాదన కూడా తరగతి గదితో ముడిపడినదే. ఎవరూ మాట్లాడని భాషలో ఆలోచించి రాయమంటే పిల్లవాడు భావం వదిలి వ్యాకరణానికి భయపడతాడన్నది వ్యావహారికవాదుల ఆవేదన. షాగ్నెసీ ఆరు దశాబ్దాల తర్వాత వేరే దేశంలో, వేరే భాషలో గుర్తించిన భయానికీ దీనికీ పోలిక స్పష్టం. ఈ చర్చను సాహిత్య భాషా చరిత్రగానే చదవడం అలవాటైంది. దానిని రచనాబోధన చరిత్రగా కూడా చదవవలసి ఉంది.

భాష విషయంలో ఆ వాదం గెలిచింది. నేటి డిగ్రీ విద్యార్థి వ్యావహారికంలోనే రాస్తాడు. అయితే రాసేది తరచుగా గైడులోని సమాధానం. కంఠస్థం చేసినదానిని యథాతథంగా అప్పగించగలగడం ఇక్కడ సామర్థ్యం కిందికి వస్తుంది. ఈ అలవాటుతో అమెరికాలో చదువుకు వెళ్లిన తెలుగు విద్యార్థి అదే పని చేస్తే అది గ్రంథచౌర్యంగా పరిగణింపబడుతుంది. నిన్నటిదాకా గుణమైనది నేడు నేరం కావడం అతనిని భాషకన్నా ఎక్కువగా కుంగదీయగలదు. ఆధారం ఎక్కడ ఆగి తన మాట ఎక్కడ మొదలవుతుందో చూపించడం అతనికెవరూ నేర్పలేదు.

ఇక్కడి అనుబంధ కళాశాలల్లో సెమిస్టర్ చివరి పరీక్షకు రాసిన జవాబు పత్రం మూల్యాంకన కేంద్రానికి వెళ్లి అక్కడే ఉండిపోతుంది. రుసుము చెల్లించి నకలు తెప్పించుకుంటే తప్ప విద్యార్థి దానిని మళ్లీ చూడడు. చూసినా దానిమీద అంకెలు కనిపిస్తాయి, చదివినవారి ప్రశ్న ఒక్కటీ కనిపించదు. తిరగరాసే అవకాశం అసలే లేదు. వ్యాసరచన పట్ల తెలుగు విద్యార్థి భావం మొదటి సంవత్సరంలో ఎలా ఉందో చివరి సంవత్సరంలోనూ అలాగే ఉందంటే, అది మారడానికి కావలసిన సందర్భం ఈ మూడేళ్లలో ఎక్కడ కలిగిందో వెతకవలసింది పాఠ్యప్రణాళికలు రూపొందించేవారే.