ఆవిరి గొట్టానికి వంకర ఎందుకు?

చక్కెర ఫ్యాక్టరీలోనో, కాగితపు మిల్లులోనో ఆవిరి గొట్టాలను మీరు చూసే ఉంటారు. స్తంభాల మీద తిన్నగా పోతున్న గొట్టం ఉన్నట్టుండి పక్కకు తిరుగుతుంది. కొంతదూరం పోయి, వెనక్కు వచ్చి, మళ్ళీ తన దారి పడుతుంది. ఇనుము దండగ అనిపిస్తుంది కదూ! కాని ఆ వంకరే గొట్టాన్ని కాపాడుతుంది.

వేడికి ఘనపదార్థాలు వ్యాకోచిస్తాయని చదివారు. ఎంతో లెక్క కట్టి చూద్దాం. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం డిగ్రీ సెంటీగ్రేడుకు సుమారు 0.000012. గొట్టం పొడవు 100 మీటర్లు. బిగించిననాడు దాని ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, ఆవిరి పారేటప్పుడు 180 డిగ్రీలు అనుకుందాం. తేడా 150. మూడింటినీ గుణిస్తే 0.18 మీటరు, అంటే 18 సెంటీమీటర్లు. దాదాపు జానెడు!

రెండు కొసలనూ కదలకుండా బిగిస్తే ఈ జానెడు ఎక్కడికి పోతుంది? గొట్టం విల్లులా వంగి, అతుకులను పెకలిస్తుంది. వంగడానికి కూడా వీల్లేకుండా చేస్తే ఉక్కులో చదరపు మిల్లీమీటరుకు సుమారు 360 న్యూటన్ల ప్రతిబలం పుడుతుంది. మామూలు ఉక్కు 250 దగ్గరే శాశ్వతంగా రూపు మారుతుంది.

అందుకే ఆ వంకర. దాని చేతులు స్ప్రింగులా కాస్త వంగి, పెరిగిన పొడవును ఇముడ్చుకుంటాయి. గొట్టాన్ని కొన్నిచోట్ల గట్టిగా బంధించి, తక్కినచోట్ల రోలర్ల మీద ఉంచుతారు. కదలనివ్వాలి, కాని మనం చూపిన దారిలోనే కదలాలి.

వంకరకు చోటు లేనిచోట హార్మోనియం తిత్తిలా మడతలున్న ఉక్కు తొడుగును మధ్యలో పెడతారు. దాన్ని బెలోస్ అంటారు. ఇది తేలికగా సాగుతుంది. చిక్కూ అక్కడే ఉంది. లోపలి పీడనం కూడా దాన్ని సాగదీయాలనే చూస్తుంది. కనుక బెలోస్‌కు రెండు వైపులా గొట్టాన్ని గట్టిగా పట్టి ఉంచాలి.

ఈ సంగతి మరిస్తే ఏమవుతుంది? ఇంగ్లండులోని ఫ్లిక్స్‌బరోలో నైలాన్ ముడిపదార్థం తయారుచేసే కర్మాగారం ఉండేది. అక్కడ ఆరు రియాక్టర్లు మెట్లలా వరుసగా ఉండేవి. వాటిలో సుమారు 155 డిగ్రీల సైక్లోహెక్సేన్ ద్రవం పీడనంతో ప్రవహించేది. 1974లో ఐదో రియాక్టరు పగిలినట్టు కనబడగా దాన్ని తీసేసి, నాలుగుకూ ఆరుకూ మధ్య తాత్కాలికంగా ఒక గొట్టం వేశారు. దాని రెండు కొసలా బెలోస్ ఉన్నాయి. ఒక కొస పైన, ఒక కొస కింద కావడంతో పీడనం గొట్టాన్ని తిప్పివేయాలని చూసింది. ఆ బలాన్ని ఎవరూ లెక్క కట్టలేదు. గొట్టం పటాన్ని వర్క్‌షాపు నేల మీద సుద్దతో గీశారు. సేఫ్టీ వాల్వు తెరుచుకునే పీడనం దాకా పరీక్షించనూ లేదు. జూన్ 1న గొట్టం తెగింది. వెలువడిన ఆవిరి అంటుకుని పేలగా 28 మంది మరణించారు.

వాళ్ళు వదిలేసిన లెక్క కష్టమైనదేమీ కాదు. బలాన్నీ, దూరాన్నీ గుణించే లెక్కే. తరగతిలో మీరు చేసే లెక్కలకు ఎంత విలువ ఉందో చూశారా?

ఇప్పుడు మీకొక ప్రశ్న. పై గొట్టం రాగిదైతే ఎంత పెరుగుతుంది? రాగి గుణకం సుమారు 0.000017.