ఒకసారి తాగితే అయిపోయే మందు

"సార్, నిన్న ఎర్ర సీసా తాగితే గాయాలు మానాయి. ఇవాళ తాగితే కళ్ళు కనబడట్లేదు. గేమ్ పాడైందా?"

సూరత్‌లోని లింబాయత్‌లో, మగ్గాల పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు సాయంత్రాలు కంప్యూటర్ నేర్పుతుంటాను. అడిగినవాడు ఆడుతున్నది ‘రోగ్’. 1980 ప్రాంతంలో కాలిఫోర్నియాలో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అనే విద్యార్థులు దాన్ని మొదలుపెట్టారు, తర్వాత కెన్ ఆర్నాల్డ్ కలిశాడు. బొమ్మల్లేవు, తెరంతా అక్షరాలే. నేలమాళిగ, రాక్షసులు, తాగితే అయిపోయే మందులు, చదివితే మాయమయ్యే మంత్రపత్రాలు.

గేమ్ పాడవలేదు. అందులో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే కిటుకే అది.

తర్వాతి రూపాల్లో మందులు 14 రకాలు, రంగులు 27. ఆ రంగుల్లో గళ్ళ రంగు కూడా ఒకటి. (గళ్ళ ద్రవం ఎలా ఉంటుందో మగ్గాలవాళ్ళ పిల్లలు కూడా చెప్పలేకపోయారు.) ఆట మొదలవగానే గడియారం చూపే సమయం నుంచి ఒక సంఖ్య పుడుతుంది. దాన్ని 11109తో గుణించి 13849 కలిపితే తర్వాతి సంఖ్య, దానిమీద మళ్ళీ అదే లెక్క. ఈ సంఖ్యలే ఒక్కో మందుకీ ఒక రంగు అంటగడతాయి. ఆ రంగు ముందే పోయి ఉంటే ఇంకోటి. అందుకే ప్రతి ఆటలోనూ పంపకం మారిపోతుంది.

ఎర్రది ఏమిటో తెలియాలంటే ఒకటి తాగాలి. సీసా పోతుంది, కానీ మందు ప్రభావం కంటికి కనిపిస్తే, ఆ ఆటలో ఇక ఎర్రసీసాలన్నిటి పేరూ తెలిసిపోతుంది. ఖర్చయ్యేది మందు, కొనేది సమాచారం. ఒకే రంగువి మూడు దొరికితే ధైర్యంగా ఒకటి తాగొచ్చు: ఎక్కువగా దొరికేది తరచు వచ్చే రకమే కావొచ్చు, గాయాలు మాన్పేది అలాంటి రకం.

మరి ఆట దాచుకుని, అన్నీ తాగి చూసి, వెనక్కొస్తే? ఆ దారీ మూసేశారు. దాచిన ఆటను తెరవగానే ఆ ఫైలును రోగ్ చెరిపేస్తుంది. అదీ ఒకసారికే పనికొచ్చే వస్తువన్నమాట!

వెనక్కెళ్ళే వీలున్న తర్వాతి ఆటల్లో ఇంకో జబ్బు పట్టుకుంది. ‘ఫైనల్ ఫాంటసీ’లో ఎలిక్సిర్ లాంటి అమూల్యమైన మందును పెద్ద రాక్షసుడి కోసమని దాచి, ఆట ముగిసినా మూత తీయనివాళ్ళు కోకొల్లలు. కర్ణుడూ అంతే కదా. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారికే పనిచేస్తుంది, దాన్ని అర్జునుడి కోసం దాచాడు. కృష్ణుడు ఘటోత్కచుణ్ణి ఉసిగొల్పి, రాత్రి యుద్ధంలో దాన్ని ఖర్చుపెట్టించాడు. నా లెక్కన కృష్ణుడే మంచి గేమ్ డిజైనర్: దాచుకోనివ్వలేదు.

1987లో వచ్చిన ‘నెట్‌హ్యాక్’లో రోగ్‌లో లేని మెలిక ఒకటుంది: అంగడి. సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లో ధర విని బట్ట రకం పసిగట్టినట్టు, అక్కడ దుకాణదారు చెప్పే వెలతో మంత్రపత్రం ఏదో ఊహించొచ్చు. అసలు వెల 20 ఉండే పత్రం ఒక్కటే, అది మిగతా వస్తువులను గుర్తుపట్టించే పత్రం.