ఆటిజము గల బిడ్డ – ఇంటి భాష

“మా బిడ్డకు ఆటిజము అని వైద్యులు చెప్పిరి, ఇంట తెలుగు మాని ఇంగ్లీషే మాట్లాడవలెనా?” అని కొందఱు తల్లిదండ్రులు అడుగుచున్నారు. వీథిలో అరవము, బడిలో ఇంగ్లీషు, ఇంట తెలుగు వినబడు చెన్నపట్టణములో ఈ శంక సహజమే. కాని తెలుగు మాననక్కఱలేదు.

లియో కానర్ అను వైద్యుడు 1943లో ఆటిజమును సవిస్తరముగా వర్ణించెను. తల్లికి ప్రేమ చాలకపోవుటచే ఇది కలుగునను వాదము పెక్కేండ్లు తల్లులను కుమిలించినది; అది తప్పని తేలినది. ఇది మెదడు పెరుగుదలలోని భేదము. రెండు భాషలు వినుటచే ఇట్టి బిడ్డలకు మాట మఱింత ఆలస్యము కాదని పరిశోధనలు తెల్పుచున్నవి. అవ్వయు తాతయు తెలుగున మాటలాడుచుండగా బిడ్డతో మాత్రము వచ్చీరాని ఇంగ్లీషు పలికినచో, ఆ బిడ్డ ఇంటి ముచ్చటలకెల్ల వెలియగును. నలుగురితో మెలగుట నేర్పు తొలి బడి భోజనపు పంక్తియే గదా!

ఇక ప్రవర్తన మాట. కేకలు వేయుట, నేలబడి దొరలుట మొండితనమని కొట్టరాదు. పెక్కుమార్లు అది నోట రాని మాటకు బదులు. ముందేమి జరిగినది, తరువాత బిడ్డకేమి లభించినది అని నాలుగు దినములు కాగితముపై వ్రాసికొనుడు. కారణము చాలవఱకు బయటపడును. బడిగంటకు బెదరి చెవులు మూసికొను బాలునికి రెండు నిమిషములు ముందుగా చెప్పి వరండా చివరకు తీసికొనిపోయినచో ఆ బెదురు కొంత తగ్గవచ్చును. “చాలు” అనుటయో, అందులకొక బొమ్మ చూపుటయో నేర్పుడు. బిడ్డ దానిని వాడినంతనే ఆ కోరిక మన్నింపుడు. గంట తరువాత మన్నించిన ప్రయోజనము లేదు.

స్నానము, ఇడ్డెనలు, బూట్లు, బడి అని దినచర్యను బొమ్మలుగా గోడకు అంటింపుడు. దీపావళి టపాకాయలను గూర్చి వారము ముందే చెప్పుడు. వామనగుంటలాటలో “నీ వంతు, నా వంతు” అని ఒక్క తోటిబిడ్డతో మొదలిడుడు, గుంపులోనికి త్రోయవలదు. కన్నులలోనికి చూడుమని నిర్బంధించుట నాకు సమ్మతము కాదు. అది తమకు బాధాకరమని ఆటిజము గల పెద్దలే పలువురు చెప్పియున్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. ప్రభుత్వ గుర్తింపు గల పాఠశాల వివక్ష చూపక ఇట్టి బిడ్డను చేర్చుకొనవలెను. కోట్టూరుపురమున విద్యాసాగర్, ముట్టుకాడున 2005లో నెలకొల్పిన జాతీయ సంస్థ కలవు. అచ్చటికి పోవునపుడును, ఉపాధ్యాయులను చూడవచ్చునపుడును ఆ నాలుగు దినముల కాగితము వెంట తీసికొనిరండు.