రాతి మీద ఎవరి పేరు?

రెండేళ్ళ కిందట ఎం.ఏ. విద్యార్థులను వెంటబెట్టుకొని అమరావతి వెళ్ళాను. మ్యూజియంలో పలనాటి సున్నపురాతి ఫలకాల ముందు నిలబడి శాతవాహనుల గురించి, జాతక కథల గురించి, అమరావతి శిల్పరీతి గురించి చెప్పవలసినదంతా చెప్పాను. అందరూ రాసుకున్నారు. ఒక విద్యార్థి మాత్రం రాసుకోలేదు. తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కబోతూ అడిగాడు: ‘సార్, ఈ రాళ్ళలో మావాళ్ళు ఎక్కడైనా ఉన్నారా?’ అతని ఊరు నాకు తెలుసు. ఆ ఊరికి ఆవల ఉన్న మాదిగవాడా తెలుసు. అతని ప్రశ్నకు జవాబు కూడా నాకు తెలుసు. అయినా గంటసేపు సాగిన పాఠంలో దాన్ని చెప్పలేదు. ఆ లోటు తీర్చుకోవడానికే ఈ వ్యాసం.

జవాబు: ఉన్నారు. అమరావతి మహాచైత్యానికి చెందిన ఒక పూర్ణఘట ఫలకం మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చిన్న దానశాసనం ఉంది. దాత పేరు విధికుడు. అతడు ‘చమ్మకారుడు’, అనగా చర్మకారుడు. అతని తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. తల్లి, భార్య, సోదరులు, నాగుడనే కొడుకు, కూతుళ్ళు, బంధుమిత్రులతో కలిసి విధికుడు ఆ ఫలకాన్ని సమర్పించాడని శాసనం చెబుతున్నది. ఇది సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి మాట. తోలుపని చేసే ఒక కుటుంబం తన వృత్తిని దాచుకోకుండా, నాటి అత్యంత పవిత్ర స్థలంలో, ఇంటిల్లిపాది పేరున రాయి వేయించింది. ఆ రాయిని ఎవరూ అంటరానిదనలేదు.

విధికుడు ఒంటరి కూడా కాడు. ఆ స్తూపపు శాసనాల్లో గృహపతులు, వర్తకులు, సుగంధద్రవ్యాలు అమ్మేవారు, కోశాధికారులు, భిక్షుణులు, సాధారణ స్త్రీలు దాతలుగా కనిపిస్తారు. ఒక చక్రవర్తి ఆజ్ఞాపిస్తే లేచిన కట్టడం కాదది. ఒకరు స్తంభం, ఒకరు సూచి, ఒకరు ఫలకం చొప్పున ఇచ్చుకుంటూ పోగా తరాల తరబడి పెరిగిన కట్టడం. రోమ్ దాకా సాగిన వర్తకం, దాని చుట్టూ ఎదిగిన పట్టణాలు, చేతివృత్తులవారి చేతుల్లో కాస్త మిగులు సొమ్ము, పుట్టుకను అడగకుండా దానాన్ని స్వీకరించిన సంఘం — ఇవన్నీ కలిస్తేనే విధికుని పేరు రాతికెక్కింది.

దీన్ని స్వర్ణయుగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. పేరు చెక్కించుకోవడానికి సొమ్ము కావాలి. ఆ సున్నపురాతిని గనిలో తొలిచినవారి పేర్లు, బండ్ల మీద మోసుకొచ్చినవారి పేర్లు అక్కడా లేవు. వృత్తిపేరుతోనే మనిషిని గుర్తించడం అప్పటికే ఉంది. విధికుని శాసనం కులం లేదని రుజువు చేయదు. తోలుపనికీ పవిత్ర స్థలానికీ మధ్య దాటరాని గోడ అనాదిగా ఉందన్న వాదాన్ని మాత్రం అది పడగొడుతుంది. అంటరానితనానికి ఒక చరిత్ర ఉంది. చరిత్ర ఉన్నదానికి ముగింపు కూడా ఉండగలదు.

‘కళ సమాజానికి అద్దం’ అని మన పాఠ్యపుస్తకాలు రాస్తాయి. అద్దం తన ఎదుట నిలబడినవారిని చూపుతుంది. దాన్ని మోసుకొచ్చి గోడకు తగిలించినవారిని చూపదు. అందుకే ఏ కట్టడం ముందు నిలబడినా మూడు ప్రశ్నలు వేసుకొమ్మని ఇప్పుడు నా విద్యార్థులకు చెబుతున్నాను. దీని మీద ఎవరి పేరుంది? దీనిలో ఎవరి చెయ్యుంది? దీని లోపలికి ఎవరి అడుగు పడనిచ్చారు?

ఈ ప్రశ్నలతో పాలంపేటకు వెళదాం. రామప్ప గుడిని 1213లో కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని అక్కడి శాసనం చెబుతున్నది. దానితోపాటు చెరువూ వచ్చింది. కాకతీయుల కాలపు శాసనాలు కొన్ని ఆ రాజవంశాన్ని చతుర్థ కులానిదిగానే పేర్కొన్నాయి. అంటే శూద్ర యోధవర్గాలు చెరువులు తవ్వించి, అడవిని మాగాణిగా మార్చి, గుడి కట్టించి పాలకులుగా నిలదొక్కుకున్న సమాజం ఆ ఎర్ర ఇసుకరాతిలో ఉంది. అది చిన్న మార్పు కాదు. అదే కాలపు ద్రాక్షారామ శాసనాల్లో, అఖండదీపానికి నెయ్యి పోసే బాధ్యతతో పశువులను పుచ్చుకున్న బోయల పేర్లు కూడా నమోదయ్యాయి. అయితే విధికుడు తన పేరు తానే, దాతగా, చెక్కించుకున్నాడు. బోయ పేరు చెల్లించవలసిన బాధ్యత కింద రాతికెక్కింది. దాతల వరుసలో చర్మకారుణ్ని వెతకాలంటే కష్టమే.

చెయ్యి సంగతి చూద్దాం. నల్లరాతి మదనికలను అంత నునుపుగా తేల్చినవారెవరు? నీటిలో తేలేంత తేలికైన ఇటుకలను కాల్చినవారెవరు? శాసనం చెప్పదు. రామప్ప అన్నది శిల్పి పేరని జనం నమ్ముతారు. అది నిజమో కాదో చెప్పగల ఆధారం రాతి మీద లేదు. కానీ ఆ నమ్మకంలోనే ఒక తీర్పు ఉంది. శాసనం సేనాని పేరిట రుద్రేశ్వరమన్న గుడిని జనం పనివాని పేరుతో పిలిచారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఆ రెండు పేర్లూ రాయక తప్పలేదు.

ఇక్కడ నా స్వవిషయం ఒకటి చెప్పాలి. మా తాత వడ్డెర. సమ్మెటతో బండలు పగలగొట్టి, వాటిని దిమ్మెలుగా చెక్కి బతికాడు. ఆయన కొట్టిన రాయి ఎన్ని ప్రాకారాల్లో, ఎన్ని కల్వర్టుల్లో ఉందో మాకెవరికీ తెలియదు. ఓటర్ల జాబితాలో తప్ప ఆయన పేరు ఎక్కడా అచ్చు కాలేదు. నేను చరిత్ర చదువుకున్నది రాళ్ళ మీది పేర్లు చదవడానికే అయినా, చదువుతున్న ప్రతిసారీ లేని పేరు కూడా కనిపిస్తుంది.

మూడో ప్రశ్న అడుగు గురించి. ధ్వజస్తంభం, మండపం, అంతరాళం, గర్భగుడి — మన ఆలయ నిర్మాణంలో లోపలికి పోయేకొద్దీ చోటు ఇరుకవుతుంది, వెలుగు తగ్గుతుంది, ప్రవేశించదగిన మనుషులూ తగ్గుతారు. భక్తిభావానికి ఇది చక్కటి కూర్పే కావచ్చు. కులవ్యవస్థ చేతిలో ఇదే కొలబద్ద అయింది. ఎవరు ఎంత దూరం రావచ్చో రాతిలో నిర్ణయమైపోయింది. కొందరికి ప్రాకారం బయటి వీధి కూడా నిషిద్ధమైంది. 1930లో నాసిక్ కాలారామ్ గుడి ముందు అంబేడ్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం చేసినవారు అడిగింది ఆ అడుగునే. ఆంధ్ర జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి 1939లో ఒక చట్టం, 1947లో మరొక చట్టం కావలసివచ్చాయి. తలుపు తెరవడానికి శాసనసభ కూర్చోవలసి వచ్చిందంటే ఆ తలుపు కేవలం కొయ్యతో చేసినది కాదు.

గుడిలోని ఈ కొలతే ఊరికీ పాకింది. మన గ్రామ నిర్మాణాన్ని వాస్తుకళగా ఎవరూ బోధించరు. కానీ తెలుగు సమాజం కట్టిన అన్నింటిలోకీ విస్తారమైన కట్టడం అదే. నడుమ ఊరు, ఆవల వాడ. ఊరికొక బావి, వాడకొక బావి. చివరకు శ్మశానాలూ రెండు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపిన ఘటనకు మొదలు తాగునీటి చెరువు దగ్గర జరిగిన తగువు. చెరువు గట్టు ఎవరిదన్న ప్రశ్న ఎంత ప్రాణాంతకమో అక్కడ తేలింది.

రాజ్యాంగ నిర్మాతలకు ఈ సంగతి తెలుసు. పదిహేనో అధికరణాన్ని మరోసారి చదవండి. సమానత్వమనే పెద్దమాటతో అది ఆగిపోలేదు. దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అంటూ ఒక్కొక్క స్థలాన్నీ పేరు పెట్టి చెప్పింది. కులం మనసుల్లోనే కాదు, కట్టిన చోట్లలో కూడా కాపురముంటుందని వారు గుర్తించారు.

మరి స్వతంత్ర భారతంలో మనం కట్టినవేమిటి? హైదరాబాదులో, విజయవాడలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు నిలిచాయి. వాటి విలువను తక్కువ చేయను. నగరం నడిబొడ్డున ఆ రూపం కనిపించడం ఒక తరం కన్న కల. కానీ అదే ప్రభుత్వాలు ఇళ్ళస్థలాలు ఇచ్చేటప్పుడు ‘ఎస్సీ కాలనీ’ చాలాచోట్ల పాత వాడకు కొనసాగింపుగా, ఊరికి ఆవలే వెలుస్తున్నది. పెంకులు పోయి స్లాబు వచ్చింది, దిక్కు మాత్రం మారలేదు. నగరాల్లో అపార్టుమెంట్లకు పనిమనుషుల లిఫ్టు వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె ఇంటికోసం తిరిగినప్పుడు ఒక యజమాని నా జీతం అడగలేదు, ‘మీరేమిట్లు?’ అని అడిగాడు. చెప్పాను. మర్నాడు ఇల్లు వేరేవాళ్ళకిచ్చేశామని ఫోన్ వచ్చింది. రేపు ఏ పురావస్తు శాస్త్రవేత్తయినా మన ఊళ్ళను తవ్వితే, విగ్రహాల ఎత్తుతోపాటు ఆ కాలనీల దూరాన్నీ కొలుస్తాడు. మన సమాజం గురించి రెండో కొలతే ఎక్కువ చెబుతుంది.

అమరావతి స్తూపం ఇప్పుడు లేదు. 18వ శతాబ్దం చివర, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం కట్టించే కాలంలో దాని రాళ్ళు, ఇటుకలు తరలిపోయాయి. కొన్ని ఫలకాలు సున్నపు బట్టీల పాలయ్యాయి. మిగిలినవి చెన్నైకీ లండన్‌కూ చేరాయి. అయినా పూర్ణఘటం పోలేదు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వీకరించిన రాజముద్రలో, అమరావతి శిల్పం నుంచి తీసుకున్న పూర్ణఘటమే నడుమ కొలువైంది.

మొన్న ఆ విద్యార్థి పరిశోధనలో చేరడానికి కాగితాలు తీసుకొని నా గదికి వచ్చాడు. వాటిలో కుల ధ్రువీకరణ పత్రం ఉంది. పత్రం తలపై పూర్ణఘటం, దాని కింద అతని కులం పేరు. విధికుని శాసనం సంగతి అప్పుడు చెప్పాను. అతను పత్రాన్ని చేతిలోకి తీసుకొని చాలాసేపు ఆ ముద్రనే చూశాడు. తర్వాత ఒకటే అడిగాడు: ‘ఇది మా పాఠ్యపుస్తకంలో ఎందుకు లేదు సార్?’

ఈసారి నా దగ్గర జవాబు లేదు. పాఠ్యపుస్తకాలు రాసేవారి దగ్గర ఉండాలి.