తప్పిపోయిన కొడుకు కథలో తండ్రే నాయకుడు

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెల్లో క్రిస్మస్ వచ్చిందంటే చర్చి ముందు పందిరి పడుతుంది. కోలాటమో, భజనో, బుర్రకథో ఆ పందిట్లో సాగుతుంది. ఏసు పుట్టుక తరువాత అలాంటి ప్రదర్శనలకు బాగా నప్పే కథ లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథ. దేవుడు కన్నతండ్రి వంటివాడని తెలిపే కథ ఇది. అయితే కొడుకు చెడు తిరుగుళ్ల మీద పెట్టినంత శ్రద్ధ తండ్రి మీద కూడా పెడితేనే కథ పండుతుంది.

పల్లెకు చేరిన పాట

1890 ప్రాంతంలో రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ నల్గొండలో మిషన్ పని ప్రారంభించారు. అనంతరం అమెరికా మెన్నొనైట్ బ్రెదరెన్ మిషన్ దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాలకు విస్తరించింది. పాలమూరు మెన్నొనైట్లపై పాల్ వీబ్ రాసిన పరిశోధన గ్రంథం 1988లో వెలువడింది. ఈ సంఘాల్లో చేరిన వారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాల వారు. ఊరికి డప్పు కొట్టినదీ, చెప్పులు కుట్టినదీ ఆ మాదిగ కుటుంబాలే.

తెలుగులో క్రైస్తవ కళకు పెద్ద చరిత్రే ఉన్నది. పురుషోత్తమ చౌదరి 19వ శతాబ్దంలో రాసిన కీర్తనలు నేటికీ ఆరాధనలో వినిపిస్తున్నాయి. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 1978లో వచ్చిన ‘కరుణామయుడు’ సినిమా పల్లె పల్లెకూ చేరింది.

ఏసు మాట్లాడిన అరామిక్ భాషలో తండ్రిని ‘అబ్బా’ అని పిలిచేవారు. ఏసు ప్రార్థనలో దేవుణ్ణి ఆ మాటతోనే పిలిచినట్లు మార్కు సువార్తలో ఉన్నది. తెలుగులోనూ అబ్బ అంటే తండ్రే. ఆ రెండు భాషలకు చుట్టరికం లేకపోయినా ఈ మాట మన పల్లెవాసికి పరాయిగా తోచదు.

కరువు, వలస, చెప్పులు

కథలోని చిన్నకొడుకు తండ్రి బతికుండగానే తన వాటా పంచి ఇమ్మంటాడు. పొలం పంపకాల తగాదాలు ఎరిగిన రైతుకు ఆ మాట ఎంత గాయం చేస్తుందో వేరే చెప్పనక్కరలేదు. ఆపైన దూరదేశం, దుబారా, కరువు, పందులు కాసే కూలి. గుంపు మేస్త్రీ వెంట ఆనకట్టల పనులకూ, బొంబాయికీ కొడుకులను సాగనంపిన పాలమూరు తల్లిదండ్రులకు దారికేసి చూడడమంటే ఏమిటో తెలుసు.

కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూస్తాడు, పరుగెత్తుతాడు. పదిమందీ గౌరవించే పెద్దమనిషి వీధి వెంట పరుగు తీయడం ఏ ఊళ్లోనైనా వింతే. పరువు సంగతి తండ్రికి గుర్తుకు రాదు. ఇంటికి రాగానే కొడుక్కు మంచి బట్టలు, వేలికి ఉంగరం, కాళ్లకు చెప్పులు తెప్పిస్తాడు.

ఆ చెప్పుల మాట ఇక్కడి వారికి లోతుగా తగులుతుంది. దొరల కాలంలో గడీ ముందు నుంచి పోవాలంటే బడుగువారు చెప్పులు విప్పి చేత పట్టుకోవలసి వచ్చేది. కుట్టినవానికే తొడుక్కునే హక్కు లేదు. ‘నన్ను కూలివానిగా పెట్టుకో’ అని అడగబోయిన కొడుకు కాళ్లకు చెప్పులు తొడిగించడమంటే నీవు కూలివాడవు కావు, బిడ్డవు అని చెప్పడమే.

హాలెండ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1669లో చనిపోయారు. అంతకు ఏడాది ముందే ఆయన కొడుకు టైటస్ మరణించాడు. ఆ చివరి కాలంలో ఆయన ఈ కథనే చిత్రించారు. ఆ చిత్రం రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ మ్యూజియంలో ఉన్నది. మోకరిల్లిన కొడుకు ఒక కాలి చెప్పు ఊడిపోయి ఉంటుంది, రెండోది అరిగి చిరిగి ఉంటుంది. ముసలి తండ్రి చేతులు రెండూ అతని వీపు మీద ఆని ఉంటాయి.

పెద్దకొడుకును మరువరాదు

విందుతో కథ ముగిస్తే సగమే చెప్పినట్లు. పొలం నుంచి వచ్చిన పెద్దకొడుకు అలిగి బయటే నిలబడతాడు. తనకు ఏనాడూ మేకపిల్లనైనా ఇవ్వలేదన్నది అతని బాధ. వింటున్న రైతుల్లో చాలామంది అతని పక్షమే వహిస్తారు. బుర్రకథలో ఇందుకు వీలున్నది. “ఎవుసం చేసింది నేను, విందు వానికా?” అని ఒక వంత నిలదీస్తే జనం నవ్వుతారు, ఆలోచిస్తారు కూడా.

తండ్రి అతని కోసమూ బయటికి వస్తాడు, బతిమాలుతాడు. ఉన్నదంతా నీదేనంటాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో ఏసు చెప్పలేదు. మంగళం పాడేముందు కథకుడు ఆ తండ్రిని వాకిట్లో కాసేపు అలాగే నిలబెట్టవచ్చు. అన్నదమ్ముల మధ్య మాటలు లేని ఇళ్ల వారు పందిట్లో ఎంతోమంది ఉంటారు.