చలినీటిలో చందాలు

1959లో కలకత్తా నగరమున ఆరతీ సాహా అను యువతి, పందొమ్మిదవ యేట నున్నది, ఇంగ్లీషు ఛానెలును ఈది దాటవలెనని సంకల్పించినప్పుడు, సముద్రముకంటె ముందుగా ఆమె కెదురుపడిన అడ్డంకి ధనము. ప్రయాణమునకు, విదేశమున బసకు, వెంట రావలసిన పడవకు కావలసిన సొమ్ము ఆ మధ్యతరగతి కుటుంబమునకు అందనిది. హాట్‌ఖోలా ఈత సంఘమువారు పూనుకొని ఆమెచేత ఈత ప్రదర్శనము లిప్పించి చందాలు పోగుచేసిరి. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ 11,000 రూపాయలు మంజూరు చేయించెను. ఆ వేసవిలో దేశబంధు పార్కు చెరువునందు ఆమె ఒకసారి 8 గంటలును, మరియొకసారి 16 గంటలును ఏకధాటిగా ఈది, సొమ్మిచ్చినవారి నమ్మకమునకు హామీ చూపినది. ఆగస్టులో చేసిన తొలి ప్రయత్నము ఎదురు ప్రవాహముచేత భగ్నమైనను, సెప్టెంబరు 29న ఫ్రాన్సు తీరమునందలి కాప్ గ్రీ నే నుండి బయలుదేరి, 16 గంటల 20 నిమిషములలో ఇంగ్లండునందలి శాండ్‌గేటు ఒడ్డున కాలు మోపి, ఛానెలు నీదిన తొలి ఆసియా మహిళగా పేరుగాంచినది. అంతకు ముందటి యేడు సెప్టెంబరు 27న మిహిర్ సేన్ ఆ కడలినే దాటి, భారతీయులలో ప్రథముడై యుండెను.

నేడు ఈ వ్యవహారము తలక్రిందులైనది. ఈదుటకై చందాలెత్తిన కాలము పోయి, చందాలకై ఈదెడి కాలము వచ్చినది. ఆసుపత్రులు, అనాథల ఆశ్రమములు, వెన్నెముక దెబ్బతిని కదలలేనివారికి అండగా నిలుచు సంస్థలు, క్యాన్సరు పరిశోధనాలయములు మొదలగువాని పేర, ఏటేట ఎందరో సామాన్యులు, అనగా గుమాస్తాలు, ఉపాధ్యాయులు, గృహిణులు, చలినీటిలో దిగి గంటల తరబడి ఈదుచు, తెలిసినవారినెల్ల ‘మీకు తోచినంత ఇయ్యుడు’ అని అడుగుచున్నారు. 2006 జూలై 4న డేవిడ్ వాలియమ్స్ అను బ్రిటిషు హాస్యనటుడు, ఈతగాడుగా ఏనాడును పేరెన్నిక గన్నవాడు కాకపోయినను, కొన్ని నెలల కఠినమైన సాధన చేసి, 10 గంటల 34 నిమిషములలో ఛానెలును దాటి, స్పోర్ట్ రిలీఫ్ అను దాతృత్వ కార్యక్రమమునకు పదిలక్షల పౌన్లకు మించిన ధనము సమకూర్చెను. ఐదేండ్ల తరువాత థేమ్సు నదిలో 140 మైళ్లు 8 దినములలో ఈదెను. నదీజలపు మాలిన్యముచేత కడుపు చెడి బాధపడుచునే ఈదెను. ఆ బాధ వార్తాపత్రికలలో వచ్చిన కొలది జనుల చేతులు మరింత ధారాళములైనవి.

ఈ రెంటికిని మొదలు వెదకినచో ఒక వింత కనబడును. ఛానెలును ఏ కృత్రిమ సాధనమును లేక తొలుత నీదినవాడు కెప్టెన్ మాథ్యూ వెబ్. 1875 ఆగస్టు 24, 25 తేదీలలో, ఒడలంతయు సముద్రపందుల నూనె పూసికొని, నడుమ నడుమ బ్రాందీయు మాంసరసమును గ్రోలుచు, జెల్లీ చేపల కాటునకు గురియై, 21 గంటల 45 నిమిషములు ఈది కలే పట్టణమునకు చేరెను. దేశమంతయు ఆనందముతో ఉప్పొంగి చందాలెత్తినది. కాని ఆ చందా వెబ్‌కే సమర్పితమైనది. కీర్తియు ధనమును ఎల్లకాలము నిలుచునవి కావు. వానిని మరల సంపాదింపగోరి ఆయన 1883లో నయాగరా జలపాతమునకు దిగువనున్న సుడిగుండములలో దుమికి ప్రాణములు కోల్పోయెను. ఈత ముగిసిన పిదప ఈతగానికి చందా, ఈత మొదలు కాకమునుపు ఈతగత్తెకు చందా, ఈతను ఆధారముగా గొని అన్యులకు చందా: ఇన్నేండ్లలో సొమ్ము నడచిన దారి ఇది. నీటి చలి మాత్రము నాటికిని నేటికిని ఒక్కటే.

అయితే ఒకరు చలిలో వణకుటకును, వేరొకరు డబ్బిచ్చుటకును ఏమి సంబంధమని అడుగువారు లేకపోలేదు. దానమే చేయదలచినచో నేరుగా ఇయ్యరాదా? మనవారికి దీని సమాధానము బోధపడుట కష్టము కాదు. రోగియైన బిడ్డ కోలుకొన్నచో కాలినడకను కొండ యెక్కెదనని మ్రొక్కుకొన్న తల్లి, మెట్టుమెట్టున పసుపు కుంకుమలు పెట్టుచు పోవుచుండ, దారిలోనివారు మజ్జిగ ఇచ్చుటయు, ముడుపునందు తామును ఒక రూకయుంచుటయు మనము చూచినదే. స్వేచ్ఛగా తలకెత్తికొన్న శ్రమకు మనుష్యుల హృదయములను కదలించు శక్తి యున్నది. అయితే ఆ శ్రమ నిక్కమైనది కావలయును. ఈతగాని సాధన దాతకు చూపెడి ఆడంబరము కాదనియు, దాత సొమ్మునకు అతడు ముందుగా చెల్లించు ప్రతిమూల్యమనియు నా అభిప్రాయము. కనుక ఆ సాధన యెట్టిదో కొంత వివరముగ చెప్పవలసియున్నది.

ఇంగ్లండునందలి డోవరు ప్రాంతమునుండి కాప్ గ్రీ నే వరకు తిన్నగా కొలిచినచో దూరము సుమారు 21 మైళ్లు. కాని సముద్రము తిన్నగా పోనీయదు. దాదాపు ఆఱు గంటల కొకమారు దిశ మార్చుకొను ఆటుపోట్లు ఈతగానిని ఒకసారి ఈశాన్యమునకు, మరియొకసారి నైరృతికి ఈడ్చుచుండుటచే, పటముపై అతని దారి పాము మెలికవలె నుండును. ఆరతీ సాహా నాడు ఈదిన దూరము 42 మైళ్లని లెక్కగట్టిరి. అందుచేతనే పోటు బలము తక్కువగా నుండు అష్టమి ప్రాంతపు దినములనే సరంగులు ఏరుకొందురు. పైగా ఇది లోకమునందెల్ల మిక్కిలి రద్దీయైన నౌకామార్గములలో నొకటి. దినమునకు నాలుగు వందలకు పైగా వర్తకనౌకలు ఈ ఇరుకు గుండ పోవుచుండును. నిబంధనలు మరింత కఠినములు. ఒంటిమీద మామూలు ఈతదుస్తు, తలపై ఒక టోపీ, కన్నులకు అద్దములు, చర్మమునకు జిడ్డు. ఇంతకు మించి చలిని ఆపునదిగాని, తేలనిచ్చునదిగాని ధరింపరాదు. తోడువచ్చు పడవను తాకరాదు. తాకినచో ఆ యాత్ర అంతటితో సరి. 1927లో ఏర్పడిన ఛానెల్ స్విమ్మింగ్ అసోసియేషను వంటి సంస్థలు పంపిన పరిశీలకుడు పడవపై కూర్చుండి, నిమిషమునకు ఎన్ని బారలు పడుచున్నవో లెక్కించుచు, సర్వము కాగితముపై వ్రాయుచుండును. బారల సంఖ్య క్రమముగ తగ్గుట, మాట ముద్దయగుట, అడిగిన ప్రశ్నకు పొంతన లేని జవాబు వచ్చుట, ఇవి చలి మెదడునకు ఎక్కినదనుటకు గుర్తులు. అప్పుడు ఈతగాని ఇష్టానిష్టములతో పని లేదు, పైకి లాగివేయుదురు.

ఈతకాలమున అక్కడి నీటి వేడిమి 15 మొదలు 18 డిగ్రీలు. మన విశాఖతీరపు నీరు శీతకాలమున సైతము ఇరువదియైదు డిగ్రీల చుట్టుప్రక్కల నుండును గనుక, ఈ అంకె యెంత భయంకరమో మనకు చదివిన మాత్రమున తెలియదు. గాలికంటె నీరు ఇంచుమించు ఇరువదియైదు రెట్లు వడిగా శరీరపు వేడిని లాగికొనును. చన్నీట దిగిన తొలిక్షణమున మనుష్యుడు తన ప్రమేయము లేకయే ఒక్క గుక్కలో గాలి లోనికి లాగికొనును. ఆ గుక్కలో నీరు లోనికి పోయినచో ఈత వచ్చినవాడును మునుగును. విచిత్రమేమనగా, ఈ ఉలికిపాటు అలవాటుచే లొంగును. ఐదారు పర్యాయములు కొలది నిమిషములపాటు చన్నీట మునిగి తేలినవానికి అది చాలవరకు తగ్గును. కాని గంటల తరబడి చలిని ఓర్చుట వేఱు విద్య. దానికి నెలలు పట్టును, చర్మము క్రింద కొంత కొవ్వును కావలయును. లోకమంతయు సన్నబడుటకు వ్యాయామము చేయుచుండ, ఈ సాధకులు మాత్రము డాక్టరు అనుమతితో పుష్టిగా భుజించి ఒడలు పెంచుకొనుచుందురు! ఒంటరిగా ఛానెలు నీదగోరువాడు 16 డిగ్రీలకు మించని నీటిలో 6 గంటలు ఎడతెగక ఈది, సాక్షి సంతకముతో ఆ పత్రము సమర్పించినగాని అతని దరఖాస్తు పరిగణింపబడదు.

ఈ పరీక్షలకు పుట్టినిల్లు డోవరు రేవు. రేవు గోడల నడుమ, గులకరాళ్ల ఒడ్డున, మే నెల మొదలు ప్రతి శని ఆదివారములును సాధకులు గుమిగూడుదురు. ఫ్రీడా స్ట్రీటర్ అను వృద్ధవనిత దీర్ఘకాలము అక్కడ నిలిచి, పైసా పుచ్చుకొనక, వందలమందిని తీర్చిదిద్దినది. ఆమె కుమార్తె ఆలిసన్ 43 పర్యాయములు ఛానెలును దాటినది. ఆ ఒడ్డున జరుగు తంతు చూడదగినది. రబ్బరు తొడుగులు వేసికొన్న స్వచ్ఛందసేవకులు డబ్బాలనుండి వాసెలిను గుప్పిళ్లతో తీసి, చంకలలో, మెడ వెనుక, భుజముల అంచున దట్టముగా పట్టింతురు. ఉప్పునీటిలో పదివేల బారలు వేసినచో చర్మము చర్మమును కోసివేయును గనుక ఈ జిడ్డు. ఇది చలిని ఆపునని లోకమున నొక నమ్మిక గలదు గాని, ఆపదు. కొన్ని గంటలు గడచినంత ఈతగాండ్రు ఒడ్డునకు దరియగా గోరువెచ్చని పిండిపానకము గ్లాసులతో అందింతురు. రెండు గుక్కలు త్రాగి, గ్లాసు విసరి, మరల గోడవైపు తిరుగవలెను. శనివారము ఆఱు గంటలు ఈదినవానిని ఆదివారము మరల ఆఱు గంటలు ఈదుమందురు. అలసిన భుజములతో, నిన్నటి చలి ఇంకను ఎముకలలో నుండగనే నీట దిగుట నేర్పుటకే ఇది. సాయంకాలము వెలికి వచ్చినవారికి అసలు గండము అప్పుడున్నది: ఒడ్డుకెక్కిన పిదపగూడ కొంతసేపు లోపలి వేడి దిగజారుచునే యుండును. కావున వెంటనే వేడినీళ్ల స్నానము చేయింపక, తడి తుడిచి, పొడిబట్టలు పొరలుపొరలుగా తొడిగి, కూర్చుండబెట్టుదురు. వణకు ప్రారంభమైనచో సంతోషింతురు. ఒడలు తన పని తాను చేయుచున్నదన్నమాట.

సముద్రమధ్యమున ఆహారవిధి మరియొక చిత్రము. అరగంటకో, ముప్పావుగంటకో పడవపైనుండి త్రాడు కట్టిన సీసాను నీటిలోనికి విసరుదురు. ఈతగాడు వెల్లకిల తేలుచు, కాళ్లాడించుచు, గడగడ త్రాగి విడిచిపెట్టును. అర నిమిషము మించి ఆగినచో ప్రవాహము వెనుకకు లాగును, చలియు కమ్ముకొనును. ఉప్పునీటిచేత నాలుక పొంగి, గొంతు పుండువలె నగును గనుక నడుమ నడుమ పుక్కిలించు మందును ఇత్తురు.

ఇక ధనసేకరణ. పూర్వము ఒక చందా కాగితము పట్టుకొని ఇరుగుపొరుగు తలుపులు తట్టి, ‘మైలునకు ఇంత’ యని వ్రాయించుకొని, ఈత ముగిసిన పిదప మరల తలుపు తట్టి వసూలు చేసెడివారు. ఆ రెండవ తట్టు మొదటిదానికంటె కష్టతరము. ఇప్పుడు ఇంటర్నెట్టులో విరాళపు పుట తెరచి, ముందుగనే పుచ్చుకొందురు. బ్రిటనులో ఆదాయపుపన్ను చెల్లించు దాత ఒక పౌను ఇచ్చి సమ్మతి తెలిపినచో, గిఫ్ట్ ఎయిడ్ అను ఏర్పాటు క్రింద ఆ సంస్థ ప్రభుత్వమునుండి మరి 25 పెన్నీలు రాబట్టుకొనును. అనుభవజ్ఞులు చెప్పెడి కిటుకు ఒక్కటే: ఈత దినమున అడుగుటకంటె, సాధన కాలమంతయు వారమునకొక ముక్క వ్రాయుచు, నేడు నీరు 11 డిగ్రీలు, నేడు భుజము వాచినది, నేడు ఐదవ గంటలో ఏడ్పు వచ్చినది అని చెప్పుచుండిన, దాతలు ఆ శ్రమలో భాగస్వాములై తామే ముందుకు వత్తురు.

ఇందు ఒక చిక్కు కలదు. దానిని దాచుట మర్యాద కాదు. పడవకు, సరంగునకు, నమోదునకు కలిసి కొన్ని వేల పౌన్లగును. అది ఎవరి జేబునుండి పోవలయును? తన ఖర్చు తాను భరించి, వచ్చిన విరాళమునంతయు సంస్థకు చేర్చుట ఉత్తమమార్గము. కొన్ని సంస్థలు ఈతగాని ఖర్చు తామే పెట్టుకొని, ఇంత మొత్తము తెచ్చి తీరవలెనని షరతు విధించును. అందు దోషము లేదు గాని, ఆ సంగతి దాతకు ముందే తెలియవలయును. రోగికని ఇచ్చిన పదిరూపాయలలో నాలుగు పడవకు పోయినవని పిదప తెలిసినచో, ఆ దాత మరియొకనికి ఇయ్యడు.

దాటలేక వెనుదిరిగినవారి మాటయేమి? దాతలు సాధారణముగ సొమ్ము వెనుకకు అడుగరు. గాలి మారుటయు పోటు తిరుగుటయు మనుష్యుని చేతిలోనివి కావని వారెరుగుదురు. 2013 జూలైలో దాతృత్వార్థము ఈదుచున్న ఒక వనిత ఫ్రాన్సు తీరము కనుచూపుమేరలో నుండగనే కుప్పకూలి మరణించినది. తరువాతి దినములలో ఆమె ఎంచుకొన్న సంస్థలకు విరాళములు వెల్లువెత్తినవి. ఆ వెల్లువను తలచినప్పుడు నాకు సంతోషముకంటె బెదురే కలుగును. వైద్యపరీక్ష, పరిశీలకుని కలము, సరంగు మాట, వీనిపై దయాదాక్షిణ్యముల ఒత్తిడి పడకూడదు; ‘ఇంత సొమ్ము వచ్చినది గదా, ఇంకొక గంట’ అను మాట పడవపై నెవరును అనరాదు.

తెలుగుదేశమునను సాగరమున ఈదువారు లేకపోలేదు. నడివయసులో ఈత నేర్చిన సామర్లకోట వనిత గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంకకును ధనుష్కోటికిని నడుమనున్న పాక్ జలసంధిని, సుమారు 30 కిలోమీటర్లు, ఈది దాటినది. 2025 జనవరి తొలినాళ్లకు విశాఖనుండి కాకినాడ తీరము వరకు దినమునకు కొంతగా సుమారు 150 కిలోమీటర్లు పూర్తిచేసినది. అక్కడ చలి బెడద లేదు గాని, ఎండయు, జెల్లీ చేపలును, ప్రవాహములును తక్కువ కావు.

ఇంత సాహసము అందరికిని తగినది కాదు గనుక, ఓపిక తక్కువైనవారికి వేఱు దారులున్నవి. ఆరుగురు కూడి గంటకొకరు చొప్పున వంతులు మార్చుకొనుచు ఛానెలు నీదవచ్చును. వెన్నెముక దెబ్బతిన్నవారికి తోడ్పడు ఆస్పైర్ అను బ్రిటిషు సంస్థవారు సముద్రమే అక్కరలేని పద్ధతి నొకటి నడుపుచున్నారు: సెప్టెంబరు మొదలు డిసెంబరు వరకు 12 వారములలో తమ యూరి ఈతకొలనులోనే 22 మైళ్లు పూర్తిచేసి చందాలెత్తవలెను. 25 మీటర్ల కొలనులో అది 1,416 నిడివులు, వారమునకు 118, వారమునకు మూడు పూటలు తీరిక చేసికొనగలవారికి పూటకు నలుబది.