పాత విండోసు మూటలో ఏముంది?

కొత్త ఇంట్లో పాలు పొంగించిన మర్నాడే పాత సామాన్ల మూటలను విప్పకుండా వీధిలో పారేసే ఇల్లాలిని నేనెక్కడా చూడలేదు. ఒక్కొక్క మూటా విప్పి, పనికొచ్చేది ఇటు, విరిగిపోయింది అటు అని వేరు చేసి గాని నడుం వాల్చదు. కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనవాళ్లకు ఎక్కడలేని తొందర! కొత్త విండోసు వేయించడమూ, "సి డ్రైవు నిండిపోయింది, పాతదంతా తుడిచెయ్యి" అనడమూ ఒక్కపూటలో జరిగిపోవాలి.

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్టువారు విండోస్ 10కి మామూలు మద్దతు ముగించారు. దానితో ఎన్నో ఇళ్లలో విండోస్ 11 ఎక్కించే పని పడింది. ఎక్కించినాక చూస్తే సి డ్రైవులో "విండోస్.ఓల్డ్" అనే పెద్ద ఫోల్డరు ఒకటి కూర్చుని ఉంటుంది. పదిహేను, ఇరవై జీబీలు తినడం దానికి లెక్కలోది కాదు. మన ఫొటోలు కూడా అందులోకి చేరాయా, ఇంకా ఎంతైనా పెరగవచ్చు.

మా అక్కయ్యది చందూర్. నిజామాబాదు జిల్లాలో, వర్ని పక్కన. బోధన్‌లో 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేదాకా ఆ చుట్టుపక్కల చెరకు వేయని రైతు అరుదు. మా బావగారూ వేశారు. ఏ ఏడు ఎన్ని బండ్లు తోలిందీ, ఎంత తూగిందీ కంప్యూటరులోకి ఎక్కించి దాచుకున్నారు. అంతకన్న విలువైనది మరొకటుంది. ఆయన తండ్రిగారు పోకముందు చెప్పిన వంశం ముచ్చట్లు పధ్నాలుగు పేజీలు, బోధన్‌లో ఒక డీటీపీ షాపులో అను అక్షరాలలో టైపు చేయించినవి. చేతిరాత ప్రతి ఎప్పుడో చెదల పాలైంది.

మా మేనల్లుడు పెన్‌డ్రైవుతో విండోస్ 11 వేశాడు. ఆరో రోజున నేను వెళ్లేసరికి ఇంట్లో పంచాయతీ నడుస్తోంది.

"బామ్మర్దీ, గా డబ్బా నిండిందంట. పాత చెత్త తీసెయ్‌రా అంటే పోరడు నిన్ను అడుగుతనంటుండు" అన్నారు బావగారు.

"డెస్క్‌టాప్ మీద ఏం లేదు మామా. నాయిన లెక్కలు గూడ కనిపిస్తలేవు. ఇగ ఆ ఫోల్డరు ఉంచి ఏం లాభం?" అన్నాడు వాడు.

పోయాయనుకున్న లెక్కలు ఆ ఫోల్డరులోనే ఉన్నాయి మరి! ఇక్కడ ఒక చిన్న సంగతి తెలుసుకోవాలి. పాత విండోసు నడుస్తుండగానే, ఫైళ్లు ఉంచమని చెప్పి కొత్తదానికి మారితే మన కాగితాలు ఉన్నచోటనే ఉంటాయి. అప్పుడు విండోస్.ఓల్డ్ ముఖ్యంగా వెనక్కి వెళ్లడానికి వేసిన నిచ్చెన. కొత్తది నచ్చకపోతే సెట్టింగ్స్‌లో రికవరీ అనేచోట "గో బ్యాక్" నొక్కి పాతదానికి పోవచ్చు. మా వాడిలాగా పెన్‌డ్రైవు నుంచి, డ్రైవును ఫార్మాట్ చేయకుండా కొత్తగా వేస్తే మాత్రం పాత డెస్క్‌టాపూ, డాక్యుమెంట్లూ, ఫొటోలూ మూటగట్టి విండోస్.ఓల్డ్‌లో పడేస్తుంది. ఫార్మాట్ చేసి వేసినవారికి ఆ ఫోల్డరే ఉండదు. వారి సంగతి వేరు.

ఆ మూట ఎప్పటికీ ఉండిపోతుందనుకునేరు! మామూలుగా పది రోజులు దాటితే విండోసు తనంతట తానే దాన్ని తీసేస్తుంది. మాకు మిగిలింది నాలుగు రోజులు.

విండోస్.ఓల్డ్‌లో "యూజర్స్", అందులో పాత పేరు మీది ఫోల్డరు తెరిచాము. అనుమతి లేదని గద్దించింది. "కంటిన్యూ" నొక్కితే దారి ఇచ్చింది. చెరకు లెక్కలు, మా అక్కయ్య కూతురి పెళ్లి ఫొటోలు అన్నీ బయటపడ్డాయి. వాటిని ముందు ఒక పెన్‌డ్రైవులోకి, తరువాత డి డ్రైవులోకి కాపీ చేశాము. తాతగారి ముచ్చట్లు తెరిస్తే మాత్రం బావగారి ముఖం వాడిపోయింది. తెర నిండా కొమ్ములూ తోకలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలే గాని ఒక్క తెలుగు ముక్క లేదు.

ఫైలు చెడిపోలేదు. అను వంటి పాత అక్షరాలు యూనికోడ్‌వి కావు. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల గుర్తులే, వాటికి తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఆ ఫాంటు కంప్యూటరులో లేకపోతే తొడుగు ఊడిపోతుంది. మరి ఆ ఫాంటు ఎక్కడుంది? అదీ విండోస్.ఓల్డ్‌లోనే. అందులోని "విండోస్" ఫోల్డరులో "ఫాంట్స్" అనే చోట పాతవన్నీ ఉన్నాయి. కావలసినవి తెచ్చి కొత్తదాంట్లో ఇన్‌స్టాల్ చేసేసరికి తాతగారు మళ్లీ తెలుగులో మాట్లాడారు! వెంటనే పీడీఎఫ్ చేయించి, అచ్చు కూడా తీయించాము. పాత పెళ్లి శుభలేఖలు, సంఘాల తీర్మానాలు ఈ అక్షరాలలో దాచుకున్న ఇళ్లు ఎన్నో ఉంటాయి. వారందరూ ఈ ఫాంట్ల మాట మరచిపోకూడదు.

ఇక ఖాళీ చేయడం. డిలీట్ మీట నొక్కితే ఆ ఫోల్డరు మొరాయిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అనే వరుసలో వెళితే "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" అని కనిపిస్తుంది. దానికి టిక్కు పెట్టి తీసేయాలి. అది రీసైకిల్ బిన్‌లోకి పోదు. మళ్లీ తెచ్చుకుందామంటే కుదరదు. అదే జాబితాలో "డౌన్‌లోడ్స్" అనే మాట కూడా ఉంటుంది. మన ఇళ్లలో పిల్లల మార్కుల మెమోలు, ఆధార్ కాపీలు, పహణీ నకళ్లు అన్నీ ఉండేది అక్కడే. మా మేనల్లుడు ఉత్సాహం కొద్దీ దానికీ టిక్కు పెట్టాడు.

"అది తియ్యరా ముందు" అన్నది వంటింట్లోంచి మా అక్కయ్య. ఆ టిక్కు తీసినాకనే మిగతాది తుడిచాము.